పెండలాల కాటా మీద పసిపిల్ల

పిసీలాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తన పిల్లను తన ఒళ్ళోంచి తీసుకుపోతారని. చావు భయం లేదని కాదు. పిల్ల పుట్టిన నాటినుంచి ఆ భయం ఇంట్లో మనిషిలాగే మసులుతోంది. కానీ చావు దొంగలా వస్తుంది, వచ్చాక ఏడవచ్చు. ఇది అలా వచ్చేది కాదు. చర్చికి వెళ్ళొచ్చి, మర్యాద కోసం నడుముకు మంచి చాప కట్టుకుని, పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టి, నవ్వుతూ అడుగుతుంది. కాదనడానికి ఎవరికీ నోరుండదు.

అడగబోయేది హెలైన్. పిసీలా మొగుడు సైమోనేకు పెద్దక్క, పిల్లకు మేనత్త. మేనత్త అడిగాక లేదనేది లేదు. పందిపిల్లను అడిగినా అంతే, ఆడపిల్లను అడిగినా అంతే. హెలైన్ ఇప్పటికే ఇద్దరు తమ్ముళ్ళ పిల్లల్ని రాజధాని నుకుఅలోఫాకు తీసుకెళ్ళి పెంచుతోంది. బాగానే పెంచుతోంది, బుగ్గలు పట్టుకుంటే చేతికి నిండా వస్తాయి. ఆ పిల్లలు కన్నతల్లుల్ని చూసి 'అత్తా, బాగున్నావా' అంటారు. పిసీలా అది చెవులారా విన్నది.

పిల్ల ఎనిమిదో నెలలోనే పుట్టింది. కిలో తొమ్మిది వందలు. ఆ ఇంట్లో పుట్టవలసిన బరువు కాదది. మామగారు పోయినప్పుడు శవపెట్టె బయటికి రాక గుమ్మం ఊడదీశారు. మళ్ళీ బిగించినా అది సరిగ్గా కుదరలేదు, తలుపు ఇప్పటికీ గట్టిగా తోస్తేగాని రాదు. సైమోనే ఆ తలుపులోంచి పక్కకు తిరిగి వస్తాడు. హెలైన్ పడవ ఎక్కితే సరంగు లేచి, "అమ్మా, మీరు మధ్యలో కూర్చోండి" అంటాడు. అది వెక్కిరింత కాదు, గౌరవం. ఒళ్ళున్న మనిషికే ఊళ్ళో విలువ. అలాంటి ఇంటికి ఉత్తరాన ఎక్కడో చిన్న దీవి నుంచి, తల్లి మంచం పట్టడంతో తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిసీలా, చేపముల్లులాంటి మనిషి, కోడలై వచ్చింది.

పిల్లను చూడ్డానికి వచ్చిన రోజే హెలైన్ తేల్చి చెప్పింది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే సైమోనే వెనక తలుపున పెండలాల తోటలోకి వెళ్ళిపోయాడు. పారిపోవడం కాదు. అక్క ఉన్న గదిలో తమ్ముడు ఉండకూడదు, అది మర్యాద. అందుకని ఆ మాట పిసీలా ఒక్కతే కూర్చుని వినవలసి వచ్చింది.

"అవ్వకు నూట పదేళ్ళ పండగ చేస్తున్నాం కదా. ఆ రోజుకి దీనికి నాలుగు నెలలు నిండుతాయి. నాలుగు కిలోలు తూగాలి. తూగిందా, నీ దగ్గరే ఉంటుంది. తూగలేదా, నేను తీసుకుపోతా. పెద్దాసుపత్రి నా ఇంటి వెనకే. నీ మీద కోపంతో కాదమ్మాయ్, పిల్ల బతకాలి."

"అలాగే వదినా."

"పేరు సెయినీ అని పెడుతున్నా. అవ్వ పేరు. ఆవిడ ఆయుష్షులో పదోవంతు వచ్చినా చాలు."

పిసీలా దానికీ అలాగే అంది.

ఆ అవ్వ, పెద్ద సెయినీ, సైమోనే తాతకు తోబుట్టువు. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది. తమ్ముడు పోయాడు, తమ్ముడి కొడుకు పోయాడు, ఆమె ఉంది. ఒకప్పుడు ఆమె కూర్చుంటే ఇద్దరి చోటు పట్టేదట. ఇప్పుడు పిసీలా ఒక్కతే ఎత్తి ఎండలో కూర్చోబెడుతోంది. ఒళ్ళు తరిగిపోయింది గాని, చర్మం మాత్రం ఆ పాత ఒంటి కొలతకు కుట్టిందే మిగిలింది. స్నానం చేయించేటప్పుడు ఒక్కొక్క మడతా ఎత్తి తుడవాలి.

ఊళ్ళో అందరికన్నా ముసలిదీ, అందరికన్నా చిన్నదీ ఒకే చాప మీద పడుకునేవాళ్ళు. ఇద్దరికీ పళ్ళు లేవు. ఇద్దరికీ చెంచాతోనే పట్టాలి. ఒకరికి రొమ్ము చాలక నర్సు ఇచ్చిన డబ్బా పాలు, ఒకరికి పల్చటి పెండలం జావ. పొద్దుటి తినిపించడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం తినిపించే వేళ అయ్యేది. మధ్యలో గుడ్డలు, నీళ్ళు, పొయ్యి. ఒకరోజు పిసీలా కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతూ అవ్వ వీపు మీద తట్టడం మొదలుపెట్టింది.

"నాకెప్పుడో త్రేన్పు వచ్చిందిలేవే. దానికి తట్టు" అంది అవ్వ.

పిసీలా నవ్వబోయింది. నవ్వడానికీ కొంచెం బలం కావాలి కదా, అది రాలేదు.

ప్రతి గురువారం ఆసుపత్రి అరుగు మీద పిల్లల్ని తూస్తారు. పిల్లను గుడ్డలో ఊయలలా కట్టి కొక్కేనికి తగిలించి, వచ్చిన అంకెలోంచి గుడ్డ బరువు తీసేసి రాసుకుంటుంది నర్సు తోకిలూపే. పండగకు ఏడు వారాల ముందు గురువారం, పొద్దున్నుంచీ ముసురు. అవ్వ, చెట్టు బెరడు కొట్టి చేసిన తన మెత్తటి పాత నారబట్ట ముక్క ఇచ్చి, "రెండు మడతలు వేసి లోపల చుట్టు, చలిగాలి" అంది. పిసీలా చుట్టింది. పైన మామూలు గుడ్డే కనబడుతోంది. నర్సు మామూలు గుడ్డ బరువే తీసేసింది.

"రెండు కిలోల ఏడు వందలు! ఓయ్ పిసీలా, ఏం పెడుతున్నావే దీనికి?"

బెంచీ మీది ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. "మేనత్త పోలిక మొదలైందర్రా!" అని ఒకామె అరిచింది. పిల్ల పుట్టాక పిసీలా వైపు చూసి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ సంతోషంలో సగం దారి నడిచాక గాని లోపలి నారబట్ట గుర్తుకు రాలేదు. దారి మధ్యలో నిలబడిపోయింది. వెనక్కి వెళ్ళి చెప్పాలి. వాన జోరందుకుంది. వచ్చేవారం చెబుదాం అనుకుంది.

వచ్చేవారం ఆ బట్ట లేకుండా తూస్తే అంకె దిగుతుంది. దిగితే ఆ కబురు పడవకన్నా ముందు హెలైన్‌కు చేరుతుంది. అందుకని మళ్ళీ నారబట్ట చుట్టింది. కానీ అంకె అక్కడే ఆగినా అనుమానమే కదా. నారబట్టలు ఎండబెట్టేటప్పుడు గాలికి లేవకుండా అంచుల మీద పెట్టే నున్నటి రాళ్ళు వాకిట్లో బోలెడున్నాయి. ఒకటి మడతలో పెట్టి కుట్టేసింది. ఆ పైవారం ఇంకొకటి. పిల్ల పెరిగినా పెరగకపోయినా అబద్ధం మాత్రం వారం వారం ఒళ్ళు చేసింది.

తోకిలూపే తెలివితక్కువది కాదు. కానీ బెంచీ మీద పద్దెనిమిదిమంది తల్లులు, నర్సు ఒక్కతే. అంకె బాగుంటే ముఖం చూసే తీరిక ఉండదు. పిసీలా కూడా టోపీని పిల్ల కళ్ళదాకా లాగి ఉంచేది.

ఐదో గురువారం నర్సు, "మూడు కిలోల ఆరు వందలు. ఇంక డబ్బా పాలు అక్కర్లేదమ్మా నీకు. ఈసారి ఓడ మీద నాలుగే వచ్చాయి, పక్క ఊళ్ళో కవలలు పుట్టారు. నువ్వు నెలకోసారి చూపించు చాలు" అంది.

పిసీలా నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చింది మాత్రం, "చాలా సంతోషమండీ" అన్న మాట.

ఇంటికొచ్చి పిల్లను రొమ్ముకు పెట్టుకుంది. నాలుగు గుక్కలు తాగి పిల్ల నిద్రపోయింది. అరికాలు గిల్లితే కళ్ళు తెరిచి, ఏడవడానికి ముఖం పెట్టి, ఏడవకుండానే మళ్ళీ నిద్రపోయింది. తల్లికీ బిడ్డకీ ఒకటే జబ్బు, అలసట.

పండగకు వారం ముందు హెలైన్ వచ్చేసింది. అవ్వ కోసం పెద్ద నారబట్ట అతికించే పని పెట్టుకున్నారు. చర్చి పక్క హాల్లో పొడుగాటి బల్లకు రెండువైపులా ఆడవాళ్ళు కూర్చుని, దుంపపిండి జిగురు రాస్తూ, పొరమీద పొర అతికిస్తూ, నోటికి తాళం లేకుండా మాట్లాడుకుంటున్నారు. పిల్లను వీపున కట్టుకుని పిసీలా చివర కూర్చుంది.

"పిసీలా, అంచున కూర్చోకే. గాలొస్తే బట్టతోపాటు నువ్వూ ఎగిరిపోతావు."

"ఓ రాయి పెట్టండర్రా దాని మీద!"

అందరూ విరగబడి నవ్వారు. పిసీలా చెయ్యి వెనక్కి వెళ్ళి పిల్ల గుడ్డను తడిమింది.

"నవ్వకండే" అంది హెలైన్. "మూడు ఆరు వందలకు తెచ్చింది పిల్లని. మా తమ్ముడి రక్తం ఊరికే పోతుందా?"

"రక్తం తమ్ముడిది సరే, పాలు ఎవరివమ్మా?" అంది ఒకామె.

"పాలకేముందే, ఆవు కూడా ఇస్తుంది" అంది హెలైన్. మళ్ళీ నవ్వులు. తను నవ్వలేదు, జిగురు రాస్తూనే మళ్ళీ అంది, "పండగనాడు అందరి ముందూ తూద్దాం. ఒకపక్క నూట పదేళ్ళు, ఒకపక్క నాలుగు కిలోలు. మా ఇంట్లో ఏదైనా నిండుగానే ఉంటుందని చూడనీండి ఊరిని."

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి పిసీలా లెక్క కట్టుకుంది. నాలుగు కిలోలకు రాళ్ళు ఐదు కావాలి. ఐదూ మడతల్లో సర్ది, పిల్లను చుట్టి, ఒకసారి ఎత్తి చూసింది. బరువుగానే ఉంది. బరువైన పిల్లను ఎత్తుకుంటే ఇలా ఉంటుందన్నమాట అనుకుంది.

"ఇలా తే దాన్ని, ఒళ్ళో పెట్టు" అంది అవ్వ ఎండలోంచి.

"గుడ్డ మారుస్తానవ్వా."

"నేను పోయాక మారుద్దువుగాని. తే."

పిసీలా ఇచ్చింది. అవ్వకు చూపు ఆనదు, వేళ్ళతోనే చూస్తుంది. ఎనభై ఏళ్ళు నారబట్టలు కొట్టిన వేళ్ళు. గుడ్డ మీద అలా పాకి ఒకచోట ఆగాయి.

"నా బట్టకు ఎముకలెప్పుడొచ్చాయే?"

పిసీలాకు ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. నేల మీద కూలబడి, వాన రోజు దగ్గర్నుంచి అంతా చెప్పేసింది. అవ్వ తిట్టలేదు. చాలాసేపు పిల్ల అరికాలు నిమురుతూ కూర్చుంది.

"నాకెన్నేళ్ళే?" అంది చివరికి.

"నూట పదవ్వా."

"నూట ఆరు. నాకు ముందు ఇంకో సెయినీ ఉంది. మా అక్క. నాలుగేళ్ళది, దగ్గుతో పోయింది. దాని మీద మట్టి ఆరకముందే నేను పుట్టాను. ఇదిగో, దీనికన్నా చిన్నదాన్నట. మా మేనత్త ఆ పేరే నాకు పెట్టింది. చర్చి పుస్తకంలో సెయినీ అని ఎలాగూ ఉంది, మళ్ళీ రాయించడం దేనికి, ఇదెన్నాళ్ళుంటుందో ఏమో అనుకున్నారు. ఉండిపోయాను. ఎవరడిగినా ఆ పుస్తకమే చూస్తారు. నేనూ నోరెత్తలేదు."

"మరి నన్నెందుకు..."

"నేను నిన్నేమన్నాను? నా నాలుగేళ్ళు ఎవరి కూడూ తినలేదు. నీ రాళ్ళు దీని పాలు తాగేస్తున్నాయే పిచ్చిదానా."

పిసీలా తలొంచుకుంది. అలాగే అడిగింది, "అంత చిన్నగా పుట్టి నువ్వెలా బతికావవ్వా? ఏం చేశారు?"

"మా అమ్మ కింద దించకుండా ఎత్తుకు తిరిగిందట. మందేదో ఉందనుకోకు. నా తరవాతదాన్నీ అలాగే ఎత్తుకు తిరిగింది. అది పోయింది."

"చెబితే వదిన తీసుకుపోతుంది."

"పోవచ్చు" అంది అవ్వ. అంతకుమించి ఏ మాటా ఇవ్వలేదు. కళ్ళు మూసుకుని ఎండకు తల వాల్చింది.

పండగ శనివారం వచ్చింది. మట్టి పొయ్యిల్లో పందులు, పెండలాలు, కొబ్బరిపాలు పోసి కట్టిన చేమాకు పొట్లాలు. కొత్త నారబట్ట హాలు ఈ చివర నుంచి ఆ చివరకు పరిచారు. దాని మీద కుర్చీలో అవ్వ, మెడనిండా పూలు. పాస్టరుగారు చర్చి పుస్తకం తెరిచి సెయినీ పుట్టిన తేదీ చదివారు. నూట పది అని రాసిన కేకు బల్ల మీద ఉంది. ఊళ్ళోవాళ్ళు తెచ్చిన పెండలాలను తూసే కాటా హాలు దూలానికి వేలాడుతోంది. అక్క అక్కడ ఉందని సైమోనే హాల్లోకి రాలేదు, బయట పొయ్యిల దగ్గరే ఉన్నాడు.

"ఏదీ నా మేనకోడలు?" అంటూ హెలైన్ చేతులు చాచింది. "ఇలా తే, కొక్కేనికి తగిలిద్దాం."

పిసీలా పిల్లను ఇవ్వబోయింది. చేతులు ముందుకు వెళ్ళాయి కూడా. టోపీ కింద పిల్ల నిద్రపోతోంది. ఇంత గోలలోనూ నిద్రపోతోంది. పొద్దున తాగింది మూడే గుక్కలు.

"ఒక్క నిమిషం వదినా" అని చాప మీద కూర్చుంది. పై గుడ్డ విప్పింది. నారబట్ట కుట్లు పళ్ళతో తెంపింది. ఒక రాయి తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి. మూడోది పెడుతున్నప్పుడు ఎవరో కిసుక్కున నవ్వి ఆగిపోయారు. ఐదు రాళ్ళూ వరసగా పెట్టి, టోపీ కూడా తీసేసి, ఒట్టి పిల్లను పల్చటి గుడ్డలో వేసి తానే కొక్కేనికి తగిలించింది. ప్రక్కటెముకలు దూరానికి కూడా కనబడుతున్నాయి.

"రెండు కిలోల ఏడు వందలు" అని చదివింది హెలైన్. ఏడు వారాల కిందట బెంచీ మీద చప్పట్లు కొట్టింది ఈ అంకెకే. ఇప్పుడు ఎవరూ కొట్టలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడు వారాలు వదినా."

"పాలు ఆపింది నేనే" అంది వెనకనుంచి తోకిలూపే. వచ్చి పిల్లను చూసింది, చేతిలోకి ఆ టోపీ తీసుకుంది. "ఈ టోపీ తీసి ఉంటే..." అని మిగతాది మింగేసింది.

హెలైన్ పిల్లను గుండెకు ఆనించుకుంది. పిల్ల ఆమె చేతుల్లో ఎంత చిన్నగా ఉందంటే, గుడ్డ ఒక్కటే పట్టుకున్నట్టుంది. "సోమవారం ఓడకు నాతో వస్తుంది" అంది. గొంతులో కోపం కూడా లేదు. చేతులకు బూడిదతో సైమోనే హాలు గుమ్మం దాకా వచ్చాడు. అక్క ఉండగా అంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. గడప దాటలేక తల దించుకుని నిలబడిపోయాడు.

"హెలైన్" అంది అవ్వ. "ఇలా రా."

అంత మనిషీ వచ్చి అవ్వ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది.

"మీ నాన్నకు నేనేమవుతాను?"

"మేనత్తవి అవ్వా."

"ఎప్పుడైనా నా మాట దాటాడా?"

"దాటలేదు."

"పిల్లను ఓడ ఎక్కించు. మంచిదే. తల్లినీ ఎక్కించు. పాలు ఒక ఊళ్ళో, నోరు ఒక ఊళ్ళో ఉంటే ఎలాగే? ఆసుపత్రి నుంచి ఇద్దరూ కలిసే ఈ గుమ్మంలోకి తిరిగి రావాలి. పెంచుకోవడం మాట నేను బతికుండగా ఎత్తకు."

హెలైన్ పిల్ల గుడ్డను సర్దింది. తరవాత, "సరే అవ్వా" అంది. "మరి నిన్నెవరు చూస్తారు?"

"నూట ఆరేళ్ళుగా చూసుకోవట్లేదూ?"

"నూట పదవ్వా" అన్నారు పాస్టరుగారు నవ్వుతూ.

"నూట ఆరు. మీ పుస్తకంలో ఉన్నది మా అక్క."

హాలంతా నవ్వింది. "పాపం, అవ్వకు మతి తప్పుతోంది" అనుకుంటూ కేకు కోశారు. పిసీలా ఒక్కతే నవ్వలేదు.

సోమవారం రేవులో పిసీలా సైమోనేకు చెప్పిందే చెప్పింది. జావ పల్చగా కాయాలి. మడతలు తుడిచాక ఆరనివ్వాలి. ఎండలో ఎక్కువసేపు ఉంచకూడదు. అతను అన్నిటికీ తలూపాడు. మనిషి మంచివాడే, కాని పెండలాల తోటకు వెళ్ళాడంటే పొద్దు తెలియదు. హెలైన్ ఓడ ఎక్కాక అతను కొంచెం దగ్గరికి వచ్చి పిల్ల వేలు పట్టుకుని వదిలేశాడు.

ఓడలో హెలైన్ మధ్యలో కూర్చుంది. పక్కన చోటు చూపించింది. రేవు దాటాక, "నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "ఇటివ్వు, కాసేపు పట్టుకుంటా" అంది హెలైన్. పిసీలా పిల్ల గుడ్డ చెంగును తన ముంజేతికి ముడి వేసుకుని, అప్పుడు ఇచ్చింది. ముడి బిగియకుండా హెలైన్ పిల్లను ఆమెకు దగ్గరగా పట్టుకుంది. దీవి ఇంకా కనబడుతుండగానే పిసీలా నిద్రపోయింది.

ఆసుపత్రిలో ఎన్ని వారాలుంచుతారో ఇంకా చెప్పలేదు. అన్ని వారాలూ అవ్వ ఉండాలి. ఆమె ఉన్నన్నాళ్ళే ఆ మాటకు బలం.

అందుకని, మీలో ఎవరైనా ఆ ఊరున్న హాపై దీవుల వైపు వెళ్తుంటే ఒక్క పని చేసి పెట్టండి. రేవు నుంచి చర్చి దాకా నడిస్తే, గుమ్మం వంకరగా ఉన్న ఇల్లు ఒక్కటే. తలుపు గట్టిగా తోయాలి. లోపల ఒక ముసలమ్మ ఉంటుంది. తిన్నావా అవ్వా అంటే తిన్నానంటుంది, ఆ మాట నమ్మకండి. గిన్నె చూడండి. జావ అంచుల దగ్గర ఎండి, నడుమ కదలకుండా ఉంటే తిననట్టే. పక్కన కూర్చుని నాలుగు చెంచాలు పట్టి, ఎలా ఉందో ఒకసారి చూసి రండి.